పొలిమేర రాయిని అడగని మాట

ఈ మాట ఇంతవరకు పైకి అనలేదు నేను. మా అక్క వకుళ ఇల్లు వదిలి వెళ్ళిపోయిన రోజు నేను చూశాను. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. భుజాన సంచీతో నా ముందునుంచే మెట్లు దిగింది. దిగి, ఒక్క క్షణం ఆగింది. ‘ఎక్కడికే?’ అని నా నోటిదాకా వచ్చింది. కానీ బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు కదా! పొరపాటున ఎవరైనా అడిగితే వెళ్ళేవాళ్ళు వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. చిన్నప్పటినుంచీ మాకు నేర్పింది ఇదే. తల వంచుకుని ఇంకో గింజ తీశాను. తల ఎత్తేసరికి వీధిలో ఎవరూ లేరు. అమ్మకి చూడలేదని చెప్పాను. మూడేళ్ళుగా అదే చెబుతున్నాను.

మా ఊరి పొలిమేరలో ఒక రాయి నిలబడి ఉంటుంది. ఇద్దరు మనుషులంత ఎత్తు. ఎవరు నిలబెట్టారో ఎవరికీ తెలీదు. సమాధి రాయని కొందరు, హద్దు రాయని కొందరు అంటారు. టేపు పట్టుకుని కొలవడానికొచ్చిన ఒకాయన, ఇది రాజులు పుట్టకముందుదని చెప్పి, ఎందుకు పాతారో మాత్రం తనకీ తెలీదన్నాడు. ఎవరికీ తెలీదు కాబట్టి మా వీధి పిల్లలకి నేనే ఒక కథ కట్టి చెప్పాను.

వినండి పిల్లలూ, ఈ నేలకి ఒకప్పుడు ఒక రాజుండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు, వాళ్ళ తర్వాత ఒక కూతురు, పద్మగంధి. ఉగ్రకపాలుడనే మాంత్రికుడు వచ్చి, ఊరి ఏటిని చాపలా చుట్టి, కుండలో పెట్టుకుని, ఏడు సముద్రాల అవతలికి పోయాడు. చేలు ఎండాయి, పశువులు ఎండాయి, చివరికి జనం కళ్ళు కూడా ఎండాయి.

పెద్ద కొడుకు బయల్దేరాడు. బావి దగ్గర ముసలమ్మ, “ఎక్కడికి బాబూ?” అనేసింది. కూర్చున్నాడు, గుక్కెడు నీళ్ళు తాగాడు, వెళ్ళాడు. మొదటి సముద్రం చూసి భయపడి తిరిగొచ్చాడు. రెండోవాడు బయల్దేరాడు. గొర్రెలకాపరి, “ఎక్కడికి దొరా?” అనేశాడు. కూర్చున్నాడు, గుక్కెడు నీళ్ళు తాగాడు, వెళ్ళాడు. మూడో సముద్రం దాటలేక తిరిగొచ్చాడు. ఓడిపోయారు గానీ, ఇంటికొచ్చారు.

మూడోవాడు జయకేతు బయల్దేరాడు. గడప మీద చెల్లెలు నిలబడి ఉంది. అడిగితే అన్నయ్య పని చెడుతుందని పెదాలు బిగబట్టుకుంది. అతను వాకిట్లో ఆగాడు. ఒకసారి వెనక్కి చూశాడు. చూసి, వెళ్ళిపోయాడు.

దారిలో వలలో చిక్కిన కొంగని విడిపించాడు. కొంగ అతన్ని ఏడు సముద్రాలూ దాటించింది, మాంత్రికుడి ప్రాణమున్న చిలక ఏ చెట్టు తొర్రలో ఉందో చూపించింది. జయకేతు చిలక మెడ పట్టుకున్నాడు. మాంత్రికుడు గిలగిలా కొట్టుకుంటూ నవ్వాడు.

“చంపు. నీ ఏరు నీకొస్తుంది. కానీ బయల్దేరేటప్పుడు ఎక్కడికని నీవాళ్ళు ఒక్కరైనా అడిగుంటేనే నువ్వు ఇల్లు చేరతావు. లేదంటే పొలిమేరలో రాయైపోతావు.”

“ఓస్, అంతేనా!” అన్నాడు జయకేతు. “మా చెల్లి నోరు నీకు తెలీదు. నేను వినలేదు గానీ, అడిగే ఉంటుంది.”

చిలక మెడ విరిచాడు. కుండ పగిలింది. అతని కంటే ముందే ఏరు పరిగెత్తుకుంటూ ఊరు చేరింది. జనం నీళ్ళలో గెంతుతుంటే, అతను పొలిమేర దాకా వచ్చి ఆగిపోయాడు. కాలు లేవలేదు.

కొంగ పద్మగంధి దగ్గరకి ఎగిరొచ్చింది. “అమ్మాయీ, నువ్వడిగావా?”

“అపశకునమని అడగలేదు.”

“అయితే పరిగెత్తు. మోకాళ్ళదాకా రాయైపోయాడు. ఇప్పుడైనా అడుగు.”

పద్మగంధి పరిగెత్తింది. “ఎక్కడికి అన్నయ్యా?” అంది. రాయి పెళ్ళున విరిగింది. అన్న బయటికొచ్చాడు. తను కొంగని విడిపించిన చోటి రాకుమారిని పెళ్ళాడి అరవై ఏళ్ళు చల్లగా ఏలాడు.

రెండేళ్ళుగా నేను చెప్పిన ముగింపు అదే. మొన్న ఎదురింటి లిఖిత, ఎనిమిదేళ్ళ పిల్ల, నడుం మీద చేతులు పెట్టుకుని లేచింది.

“అబద్ధం అక్కా. విరిగితే రాయి ఇంకా అక్కడే ఎందుకుంది?”

నోటికొచ్చిందే చెప్పాను. “విరగలేదే. ఆవిడ వెళ్ళేసరికి చెవులు కూడా రాయైపోయాయి. ఎంత అడిగినా అతనికి వినపడలేదు.”

“కొంగ చెప్పగానే పరిగెత్తిందన్నావుగా?”

“లేదు. భయపడి గడప మీదే నిలబడిపోయింది.”

“దేనికి భయం? అడిగితే ఏమవుద్ది? మహా అయితే కాసేపు కూర్చుని నీళ్ళు తాగి పోతాడు. అంతేగా!”

పిల్లలంతా నవ్వారు. నేను లేచి లోపలికొచ్చేశాను.

అడిగుంటే అక్క కాసేపు కూర్చుని నీళ్ళు తాగేది. అంతే. ఆ కాసేపట్లో నా పక్కన కూర్చుని ఏదో ఒకటి చెప్పేదేమో. ఆ రోజు మెట్ల కింద ఆగింది అందుకేనేమో. అది ఎప్పటికీ తెలీదు నాకు. ఆ రాయిని ఎవరు నిలబెట్టారో తెలీనట్టే. కానీ అక్కని అక్కడ నిలబెట్టిందెవరో నాకు తెలుసు.

వెళ్ళిన ఆరు నెలలకి నా పేరు మీద ఒక కార్డు వచ్చింది. అందులో ఒక ఫోన్ నంబరు తప్ప ఒక్క అక్షరం లేదు. పుస్తకం అట్టలో దాచాను, అమ్మక్కూడా చూపించలేదు. రెండున్నరేళ్ళు. ఆ నంబరు ఇంకా పనిచేస్తుందో లేదో. ఎత్తినా, నా గొంతు విని పెట్టేస్తుందేమో. అక్క కూడా చెవులదాకా రాయైపోయిందేమో.

కార్డు ఇప్పుడు నా ముందుంది. వంటింట్లో అమ్మ బియ్యం కడుగుతోంది. గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టుకున్నాను. ఇది రాయడం ఇక్కడితో ఆపి అక్కకి ఫోన్ చేస్తాను. ఎత్తితే, బాగున్నావా అని కూడా అనను. ముందు, ఎక్కడికే అని అడుగుతాను.