గాజురొయ్య తోసే పీపా

ఒకప్పుడు గాజురొయ్యకు ఇల్లంటూ లేదు. వేలి కణుపంత ఒళ్ళు, తలంతా కళ్ళు. నడిసముద్రంలో నీళ్ళెటు తోస్తే అటు కొట్టుకుపోతూ, చిన్న చిన్న పురుగుల్ని పట్టి తింటూ బతికేది.

నూకాలు అనే గాజురొయ్యకు ఎన్ని కాన్పులైనా, కానగంత చేపలు ఒక్క పిల్లనీ మిగల్చలేదు. నడిసముద్రంలో దాక్కుందామంటే రాయి లేదు, నాచు లేదు. ఈసారి పొట్ట కింది సంచిలో పిల్లలు కదులుతుంటే ఆమెకు సంతోషం కలగలేదు. భయం వేసింది.

అటుగా బొద్దమ్మ వచ్చింది. ఆమె పీపాజీవి. అటూ ఇటూ తెరుచుకున్న చిన్న పీపాలాంటి మెత్తని ఒళ్ళు. ముందు నీళ్ళు పీల్చి వెనక వదులుతూ సాగిపోతుంది. ఆ నీళ్ళలో దొరికే నలుసులే తిండి.

"బొద్దక్కా, కానగంతలు వస్తున్నాయి. నా పిల్లల్ని కాసేపు నీ లోపల దాచవా?"

"దానికేముంది చెల్లీ, రానీ. అవి పోగానే తీసుకుపో. లోపల అడ్డముంటే నాకు ఊపిరాడదు."

నూకాలు సంచిలోని పిల్లల్ని పీపా లోపల దింపి, తనూ దాని అంచునే నక్కింది. కానగంతలు వచ్చాయి. పిల్లల జాడ దొరక్క వెళ్ళిపోయాయి.

"ఇక తీసుకుపో చెల్లీ."

"ఇంకొక్క పూట అక్కా."

మర్నాడూ అదే మాట. పిల్లలకు ఆకలేసింది. బొద్దమ్మ లోపలి గోడల్ని కొరకడం మొదలుపెట్టారు.

"చెల్లీ, మంటగా ఉంది. నీ పిల్లలు నన్ను తింటున్నారు!"

నూకాలు బయటికి చూసింది. దూరంగా వెండి మెరుపు, చేపలే. లోపలికి చూసింది. పిల్లల పొట్టలు నిండి ఉన్నాయి. ఏమీ విననట్టు ఊరుకుంది. కాసేపటికి తనే ఆ మెత్తని కండ గీకి పిల్లల నోట పెట్టింది.

"కాసేపన్నావు కదే," అంది బొద్దమ్మ. అదే ఆమె ఆఖరి మాట.

ఖాళీ పీపా చీకట్లోకి దిగిపోసాగింది. పిల్లలు ఏడ్చారు.

"వదిలెయ్ నూకాలూ. పిల్లల్ని తీసుకుని పో," అన్నాడు అంతా చూస్తున్న సముద్రుడు.

"ఎక్కడికి?"

నూకాలు పీపాను గట్టిగా పట్టుకుని, తోకతో నీళ్ళను తన్నింది. పీపా మెల్లగా పైకి లేచింది. తన్నడం ఆపితే మళ్ళీ దిగుతోంది.

"ఇక ఏ పీపాజీవీ నీకు చోటివ్వదు," అన్నాడు సముద్రుడు.

"నేనూ ఇక అడగను," అంది నూకాలు. తోక ఆగలేదు.

అప్పటినుంచే గాజురొయ్య తల్లి పీపాజీవి కనబడితే అడగదు, పట్టుకుంటుంది. లోపలంతా తొలిచేసి, ఆ ఖాళీ ఒంట్లో పిల్లల్ని పెట్టుకుని, నడిసముద్రంలో ఈనాటికీ తోసుకుంటూనే తిరుగుతోంది.