సువార్తమ్మగారు ఎత్తుకున్న పాట

“మాస్టారండీ, నేను బిగినర్ స్థాయి దాటానా, లేదా? ఆ ఒక్క ముక్కా చెప్పండి” అని కృపానందం అడగడం అది నాలుగోసారి. మొదటి మూడుసార్లూ తిమోతి మాస్టారు గిటారు తీగలు తుడుచుకుంటూ ఊరుకున్నారు. ఆయన అలవాటే అంత. కాకినాడ జగన్నాథపురంలో ముప్ఫయ్యేళ్ళుగా గిటారు నేర్పుతున్నారు గానీ, ఏ శిష్యుణ్ణీ ‘నీకు వచ్చేసింది, ఇక పో’ అన్నది లేదు. ‘నీకు రాదు, మానెయ్’ అన్నదీ లేదు. ఆయన పక్కన నేను పన్నెండేళ్ళు డోలక్ వాయించాను. నాకూ ఏమీ చెప్పలేదు. అడిగే ధైర్యం నాకు లేదనుకోండి, అది వేరే సంగతి.

కృపానందానికి మాత్రం ఈసారి జవాబు కావాల్సిందే. ఊళ్ళో కొత్తగా పెట్టిన ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకి గిటారు నేర్పే ఉద్యోగం ఉంది. పేరున్న గురువు చేత్తో రాసిన ఉత్తరం తెచ్చుకోమన్నారు, అదీ సోమవారంలోగా. ఇరవయ్యేడేళ్ళవాడు, మూడేళ్ళుగా ఒక సెల్‌ఫోన్ల కొట్లో నిలబడి స్క్రీన్‌గార్డులు అతికిస్తున్నాడు. ఆ కొట్లోంచి బయటపడడానికి అతనికి కనిపించిన దారి అదొక్కటే. కాబట్టి ఉత్తరం కోసం తొందరపడ్డాడని నేను అతన్ని తప్పుపట్టను. తప్పుపట్టాల్సింది తరవాత చాలా ఉంది.

“గిటారు కార్డ్స్ అన్నీ వచ్చండి. ఏ పాటైనా ఒక్కసారి వింటే పది నిమిషాల్లో వాయించేస్తానండి. తాళం తప్పడం అన్నది లేదు. ఇంకేం కావాలండి?” అన్నాడు. ఒక్క అక్షరం అబద్ధం లేదు. అతని వేళ్ళు మాస్టారి వేళ్ళకంటే చురుకైనవి. మాస్టారికి కీళ్ళవాతం వచ్చి, ఎడంచేతి చిటికెనవేలు వంగడం మానేసి అప్పటికే ఏడాదయింది. ఆ వేలు చూసుకుంటూ మాస్టారు అన్నారు: “ఆదివారం యోబు మేస్త్రి ఇంట్లో ఆదరణ కూడిక ఉంది కదా. నా బదులు నువ్వు వాయించు. తరవాత మాట్లాడుకుందాం.”

ఆదరణ కూడిక అంటే, మనిషిని మట్టిచేసిన కొన్నాళ్ళకి ఆ ఇంటివాళ్ళని ఓదార్చడానికి మా సంఘంవాళ్ళం పెట్టుకునే ప్రార్థన. మా పేటలో దానికొక మర్యాద ఉంది. మొదటి పాట ఇంటివాళ్ళదే. ఏం పాడతారని గానీ, ఏ శ్రుతిలో పాడతారని గానీ వాళ్ళని అడక్కూడదు. వాళ్ళు ఏ గొంతుతో ఎత్తుకుంటే అదే శ్రుతి. వాయించేవాళ్ళు పాట రెండో వరస నుంచి మెల్లిగా వచ్చి కలుసుకోవాలి. పెళ్ళి కచేరీల్లో పాడేవాడు వాయిద్యం వెంట నడుస్తాడు, ఇక్కడ వాయిద్యమే మనిషి వెంట నడవాలి. ఇది ఎక్కడా రాసిపెట్టి లేదు గానీ అందరికీ తెలుసు. కృపానందానికీ తెలుసు.

యోబు మేస్త్రి తాపీపని మనిషి. మా పేటలో సగం గోడలు ఆయన చేతివే. చదువు రాదు. అయితే ఆ మనిషి జన్మలో ఒకే ఒక్క పాట కట్టాడు, దాన్నే నలభయ్యేళ్ళు గోడలకి పూత పూస్తూ లోలోపల పాడుకున్నాడు. చర్చిలో పాడమంటే సిగ్గుపడిపోయేవాడు. “అది సిమెంటు పాటండీ బాబూ, చర్చిలోకి పనికిరాదు” అనేవాడు. నిచ్చెన కింద నిలబడ్డవాళ్ళకి ఒక ముక్కా అరముక్కా వినబడేది తప్ప, మొత్తం పాట వచ్చిన మనిషి భూమ్మీద ఒక్కతే. అది ఆయన భార్య సువార్తమ్మగారు. ఆయనకి సిమెంటు మాలు కలిపి తట్టలతో అందించిన మనిషి. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ ఆదివారం ఆవిడ ఆ పాటే పాడతారని పేటంతా అనుకుంది. నిజం చెప్పొద్దూ, సగంమంది వచ్చింది దానికోసమే.

మధ్యాహ్నం మూడింటికి ఇంటిముందు టెంటు కింద కూర్చున్నాం. పాస్టరుగారు ప్రార్థన ముగించి ఆవిడవైపు చూశారు. సువార్తమ్మగారు లేచి, ముందున్న కుర్చీని పట్టుకుని, కళ్ళు మూసుకుని ఎత్తుకున్నారు.

“ఇసక మీద కట్టుకున్నానయ్యా నా గూడు, రాతి మీదికి మార్చవయ్యా నా తండ్రీ.”

అరవై దాటిన గొంతు. అందులో దుమ్ముంది, దగ్గుంది. అయినా ఆ రెండు వరసలకే నా ఒళ్ళు జలదరించింది. కృపానందం ఒక్క క్షణంలో శ్రుతి పట్టేశాడు. తీగలన్నిటినీ ఒకచోట అదిమిపెట్టే క్లిప్పు ఉంటుంది చూడండి, దాన్ని మూడో మెట్టు మీద బిగించి, ఆవిడ పల్లవి రెండోసారి అందుకునేసరికి మంచినీళ్ళు తాగినంత సులువుగా కలిసిపోయాడు. అమ్మ వీడి చెవి తగలెయ్య, అనుకున్నాను మెచ్చుకోలుగా. నేనూ డోలక్ అందుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే, ఆఖరి వరసలో మాస్టారు అతన్ని చూడడంలేదు. ఆవిడనే చూస్తున్నారు.

ఆవిడ చరణంలోకి వెళ్ళారు. “దారం కట్టి చూడకయ్యా నా గోడ...” అన్నారు. గోడ వంకర తేల్చడానికి మేస్త్రులు గుండు కట్టి దారం వదులుతారు, ఆ దారమన్నమాట. ఆ మాట దగ్గర ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుస్తూ పాడేవాళ్ళ గొంతు కిందికి జారుతుంది, ఎవరిదైనా అంతే. ఆవిడదీ జారింది. జారినట్టు అక్కడ ఒక్కరూ పట్టించుకోలేదు, పట్టించుకునే స్థితిలో ఎవరున్నారు గనక? అప్పుడు కృపానందం ఏం చేశాడంటే, కచేరీలో ఏ మంచి వాయిద్యగాడైనా చేసేదే చేశాడు. ఆవిడ ఎక్కడ ఉండాలో ఆ స్వరాన్ని గట్టిగా మీటాడు. దారి చూపిద్దామని.

అంతే, అప్పటిదాకా ఎవరికీ తెలియని తప్పు అందరికీ తెలిసిపోయింది. గిటారు ఒకచోట, ఆవిడ ఒకచోట. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు తలెత్తి చూశారు. ఆవిడ కళ్ళు తెరిచారు. గొంతు పైకి లాక్కోబోయారు, అది చీలింది. కృపానందం పెద్దమనసుతో తలాడించి, మళ్ళీ అదే స్వరం మీటాడు, ‘ఇక్కడమ్మా, ఇక్కడికి రండి’ అన్నట్టు. ఆవిడ ఇంకోసారి ప్రయత్నించారు. గొంతు ఈసారీ చీలింది. మూడోసారి పెదాలు కదిలాయిగానీ పాట రాలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుండిపోయారు.

నేనేం చేశాననుకుంటున్నారు? ఏం చెయ్యలేదు. నా చెయ్యి డోలక్ మీద ఆడుతూనే ఉంది. ఏం జరిగినా దరువు ఆపకూడదని నేర్చుకున్నవాణ్ణి కదా, సిగ్గులేని చెయ్యి.

పాట మధ్యలో ఆగితే వెలితిగా ఉంటుందని కృపానందం ఆ పల్లవి వరస అందుకుని గిటారు మీదే రెండుసార్లు తిప్పాడు. చాలా బాగుంది. పాపం వస్తుంది, బాగాలేదనకూడదు. కొందరు కళ్ళు కూడా తుడుచుకున్నారు. పాస్టరుగారు ఆమేన్ అని అందరికీ తెలిసిన కీర్తన ఒకటి మొదలుపెట్టించారు. భోజనాల దగ్గర పెద్దవాళ్ళు వచ్చి, “ఏం వాయించావురా అబ్బాయ్, యోబు మేస్త్రి పైనుంచి వినే ఉంటాడు” అని కృపానందం భుజం తట్టారు. అతని మొహం వెలిగిపోయింది. సువార్తమ్మగారు లోపలి గదిలోనే ఉండిపోయారు.

తిరిగొచ్చే దారిలో మాస్టారితో నేను ఊరుకోలేక అనేశాను. “మీరు వెనకనుంచి ఒక్కసారి చెయ్యెత్తి ఉంటే ఆపేవాడు కదండీ.”

“ఎత్తాల్సిందిరా ఏలియా” అన్నారు. వంతెన సగం దాటాం. తరవాత ఆయనే, “ఎక్కడ ఆపుకుంటాడో చూద్దామనుకున్నాను. చావింట్లో పరీక్ష పెట్టాను, వెధవబుద్ధి” అన్నారు. ఆయన తనను తాను తిట్టుకోవడం నేను విన్నది అదొక్కసారే.

సోమవారం పొద్దున్నే కృపానందం తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బల్లమీద ఉత్తరం రాసి ఉంది. అతను దాన్ని చూశాడు, నేనూ చూశాను. కింద సంతకం కూడా అయిపోయింది. మాస్టారు దానిమీద చెయ్యి వేసి, “తీసుకెళ్దువుగాని. ముందు సువార్తమ్మగారి దగ్గరికెళ్ళి, ఆ పాట చరణాలు అడిగి రాసుకునిరా. యోబు పాట ఒక్క కాగితమ్మీదన్నా ఉండాలి” అన్నారు. ఇప్పుడు ఆలోచిస్తే అనిపిస్తుంది, అతనికి ఆయన ఇచ్చిన అవకాశం అదే. అప్పుడు నాకూ తట్టలేదు.

బండి మీద వెళ్ళి అరగంటలో తిరిగొచ్చాడు. కాగితంలో పల్లవి రెండు వరసలే ఉన్నాయి.

“మిగతాది మర్చిపోయానన్నారండి” అన్నాడు.

“నలభయ్యేళ్ళు విన్న పాటా?”

“వయసైపోయింది కదండీ. కానీ ఎంత మంచావిడండీ మాస్టారూ! నేను గుమ్మం ఎక్కగానే ఆవిడే ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. ‘నాది పాడు గొంతు నాయనా, అందరిముందూ నీ వాయింపు చెడగొట్టేశాను, ఏమనుకోకు’ అని ఒకటే ఇదైపోయారండి.”

మాస్టారి చేతిలో తీగ తుడిచే గుడ్డ ఆగిపోయింది. “నువ్వేమన్నావు?”

“పర్లేదులెండి మామ్మగారూ, అందరికీ జరిగేదే కదా అన్నానండి.”

చెంప పగలగొడదామన్నంత కోపమొచ్చింది నాకు. మరుక్షణం, ముందురోజు దరువు ఆపని చెయ్యి నాదేనని గుర్తొచ్చి తల దించుకున్నాను. కృపానందం నవ్వుమొహంతోనే నిలబడి ఉన్నాడు. అతనికి నిజంగానే ఏమీ తెలియలేదు. అదే అన్నిటికంటే ఘోరం.

ఆ తరవాత నేను ఆవిడ ఇంటికి మూడుసార్లు వెళ్ళాను. టీ ఇచ్చారు, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పారు, మేస్త్రి కోపం గురించి చెప్పి నవ్వారు. పాట సంగతి ఎత్తితే మాత్రం, “అదేం పాటలే నాయనా, వదిలెయ్” అని లేచి లోపలికి వెళ్ళిపోయేవారు. మర్చిపోవడమా, నా మొహం! ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఆ పాటలో ఇప్పుడు మిగిలినవి పల్లవి రెండు వరసలూ, చరణంలో మొదటి ముక్కా. కృపానందానికి ఆ ఉద్యోగం ఇంకెవరి ఉత్తరంతోనో వచ్చింది లెండి. అలాంటి ఉత్తరాలు రాసేవాళ్ళకి ఏ ఊళ్ళోనూ కరువులేదు.

ఆ సోమవారం మాత్రం మాస్టారు తన ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నారు. కృపానందం మొహంలో నవ్వు పోయింది. “అదేంటండీ మాస్టారూ, నా వాయింపులో తప్పేముంది?” అన్నాడు.

“తప్పేం లేదు నాయనా” అన్నారు మాస్టారు. “కానీ ఆ స్కూల్లో ఉండేది చిన్నపిల్లలు. వాళ్ళకింకా శ్రుతి ఉండదు.”