ఖాళీ పీట దాటని వంతు

ఆ రాజుకి రాజ్యం కంటే పేకాటే ముఖ్యం. ఏటా ఆయన పెట్టే పోటీలో ఉప్పమ్ముకునేవాళ్లు కూడా దివాను సరసన కూర్చోవచ్చు. ఆటకొకరు చొప్పున, వరసగా, ముక్కలు చూడకుండానే గుడ్డి పందెం కాయాలి. చేతిలో డబ్బు మిగలనివాళ్లు లేచిపోవాలి.

ఒక ఆటలో ఉప్పమ్మే నాంచారి గుడ్డి పందెం కాసింది. తర్వాతి వంతు పక్కనున్న కంసాలిది. వాడు కాస్తా అదే ఆటలో ఓడి లేచిపోయాడు. వాడికి అవతల దివాను వీరమల్లు.

"కాయండి బాబూ, ఇక వంతు మీదే" అంది నాంచారి.

దివాను పొట్ట నిమురుకున్నాడు. "మధ్యలో పీట ఖాళీ. వంతు దాన్ని దాటి నా దాకా ఎలా వస్తుందే? వెనక్కే పోతుంది. మళ్లీ నువ్వే కాయి."

మిగిలిన కొద్ది డబ్బూ మళ్లీ కాస్తే నాంచారి కూడా లేవాల్సిందే.

"సరే బాబూ. మరి పాత దివానుగారు పోయి పీట ఖాళీ అయినప్పుడు, పదవి దాన్ని దాటి మీ దాకా ఎలా వచ్చింది? ఆయనకి ముందు దివానుగా చేసినాయన ఇంకా బతికే ఉన్నారు. వెనక్కి ఇచ్చేద్దామా?"

ఎదురుగా కూర్చుని ముక్కలు కలుపుతున్న రాజు చెయ్యి ఆపాడు. "అవును, ఎలా వచ్చిందోయ్?"

దివాను గబగబా పందెం విసిరాడు. గుడ్డి పందేనికి ముక్కలు చూడకూడదు. ఆయన రాజు మొహం కూడా చూడలేదు.