అటక మీద చంకకర్ర

ఊరందరికీ మందులు నూరిపెట్టే ఉసేనప్పకు తన కడుపుమంటకు మాత్రం మందు దొరకలేదు. ఆ మంట పేరు దస్తగిరి.

ఎర్రగుట్ట కింద జమాల్ సాబు వైద్యం చేసేవారు. అందరూ ఆయన్ని హజరత్ అని పిలిచేవారు. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. మందు రోగి చేతికి ఇచ్చేవారు కాదు. ఇద్దరి మధ్యా ఒక పీట వేసి, దాని మీద పెట్టేవారు. ఆ మందు చేసే మేలేమిటో, చెరుపేమిటో చెప్పి ఊరుకునేవారు. తీసుకుంటే సరే, వదిలేసినా సరే. వదిలేసినవాడి మీద ఆయన మొహం చిట్లించడం ఎవరూ చూడలేదు.

ఉసేనప్ప తొమ్మిదేళ్లుగా ఆయన శిష్యుడు. దస్తగిరి మూడేళ్ల కిందట రోగిగా వచ్చాడు. చిన్నప్పుడు జ్వరం తగిలి అతని కుడికాలు ఎండిపోయింది. ఆ కాలికి తన దగ్గర మందు లేదని హజరత్ ఉన్నమాట చెప్పేశారు.

దస్తగిరి చంకకర్ర గోడకు ఆనించి, "అట్లయితే ఇంకొకరి కాలికి మందు నూరతా. ఉండనీండి" అన్నాడు. ఉండిపోయాడు.

ఆ ఏడు కొండతేనె దించే రోజులు వచ్చాయి. ఆ తేనె లేనిదే సగం మందులు తయారుకావు. నడుముకు తాడు కట్టుకుని గుట్ట అంచు నుంచి కిందికి దిగాలి. ఏటా హజరతే దిగేవారు. ఈసారి గుట్ట దిగడానికి ఆయన మోకాళ్లు మొరాయించాయి. ఇక ఆ పని తనదేనని ఉసేనప్ప ఎదురుచూస్తున్నాడు.

"ఈ తూరి నేను దిగుతా హజరత్" అన్నాడు దస్తగిరి.

"రాయిని తన్ని పక్కకు జరగాలంటే రెండు కాళ్లుండాల. నీకు ఒకటే. బండకు కొట్టుకుంటావు."

"కొట్టుకోవచ్చు."

ఉసేనప్ప మందులు నూరే కల్వం ముందు కూర్చునే చోటికి సరిగ్గా పైన, చిలక్కొయ్యకు ఆ తాడు వేలాడుతుండేది. హజరత్ దాన్ని తీసి పీట మీద పెట్టారు. దస్తగిరి తీసుకున్నాడు.

కల్వంలో ఉసేనప్ప చెయ్యి ఆగిపోయింది. తొమ్మిదేళ్లలో ఒక్కనాడైనా ఆ తాడు తన ముందు పెట్టారా? ఒంటికాలివాడికి పెట్టారు.

దస్తగిరి తేనె తెచ్చాడు. బండకు కొట్టుకుని, ఎడమ భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకుని మరీ తెచ్చాడు. అది విన్నప్పుడు ఉసేనప్పకు లోపల చల్లగా అనిపించింది. వెంటనే సిగ్గేసింది. సిగ్గేసినా ఆ చల్లదనం పోలేదు.

కట్టు కట్టాక హజరత్ చెప్పారు. "నలభై దినాలు మంచం దిగకుంటే ఎముక చక్కగా అతుకుతాది. తిరుగుతా పడితివా, వంకరపోతాది. చెయ్యి మళ్లా పైకి లేవకపోవచ్చు."

"నలభై దినాలు పండుకుంటే నాకుండే ఒక్క కాలూ మెత్తబడిపోతాది హజరత్. నేను తిరుగుతా."

హజరత్ తలూపి, చంకకర్ర పీట మీద పెట్టారు.

మర్నాడు ఆయన పొరుగూరిలో రోగిని చూడ్డానికి వెళ్లారు. మూడు రోజులు రాలేదు. ఆ మూడు రోజులూ ఉసేనప్పదే రాజ్యం. చంకకర్ర తీసి అటక మీద పడేశాడు. "నీ మంచికే" అన్నాడు. దస్తగిరి కుడిచెయ్యి బాగానే ఉన్నా ముద్దలు కలిపి నోట్లో పెట్టాడు. మోసుకుని పెరట్లోకి తీసుకెళ్లాడు. చూసినవాళ్లు, "కన్నతల్లి కూడా ఇంత చెయ్యదబ్బా" అన్నారు. తొమ్మిదేళ్లలో ఉసేనప్పను ఎవరూ అంత మాట అనలేదు.

దస్తగిరి మొదటిరోజు, "అన్నా, కర్ర ఇయ్యి" అని బతిమాలాడు. రెండోరోజు తిట్టాడు. మూడోరోజు గోడవైపు తిరిగి పడుకున్నాడు. నోరు తెరవమంటే తెరిచాడు, అంతే.

హజరత్ వచ్చారు. మంచం వైపు చూశారు. కర్ర ఉండాల్సిన మూల చూశారు.

మధ్యాహ్నం సంగటి వడ్డించుకున్నారు. హజరత్ వచ్చి ఉసేనప్ప పక్కన కూర్చుని తన చేత్తో ముద్ద చేశారు.

"నోరు తెరువు నాయనా. సంగటి కాలతాండాది, చెయ్యి బొబ్బలెక్కుతాది."

ఉసేనప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి. దస్తగిరి చూస్తున్నాడా లేదా అని ఓరకంట చూశాడు కూడా. మొదటి ముద్ద కమ్మగా దిగింది. రెండోది మింగకముందే మూడోది వచ్చింది. ఊరిబిండి పచ్చడి ఇంకొంచెం కావాలనిపించి చెయ్యి చాచాడు. హజరత్ ఆ చేతిని మెల్లగా వెనక్కి పెట్టారు.

"కారం. నీకు పడదు."

"పడుతుంది హజరత్."

"నీకేం తెలుసు? నేనుండా గదా."

తిన్నాక ఆకులు కోసుకొద్దామని లేస్తే గడప దగ్గర చెప్పుల్లేవు. "బయట ముండ్లుండాయి, పండుకో" అన్నారు హజరత్. కల్వం ముందు కూర్చుంటే, వేలు నలుగుతుందని పొత్రం లాక్కున్నారు. మందుకొచ్చిన ముసలమ్మ, "ఎంత ప్రేమో! నీ అదృష్టం ఉసేనప్పా" అని మెటికలు విరిచింది. ఉసేనప్పకు గట్టిగా అరవాలనిపించింది. ప్రేమగా చూసుకునేవాళ్ల మీద అరిస్తే పిచ్చోడంటారు. నోరు మూసుకున్నాడు.

పొద్దు వాలకముందే నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. చెప్పులు అక్కడే ఉన్నాయి, చంకకర్ర పక్కనే, దానికి ఆనించి.

చెప్పులు చేతికి తీసుకున్నాడు, కర్రను చూశాడు. తర్వాత చెప్పులు వదిలేసి, కర్ర ఒక్కటే దించాడు. మంచం పక్కన పీట వేసి దాని మీద పెట్టాడు.

"పడతావేమో" అన్నాడు. "పడితే వంకరపోతాది."

"తెలుసన్నా."

దస్తగిరి కర్ర అందుకుని లేచాడు. తూలాడు. ఉసేనప్ప చేతులు ముందుకు పోయాయి. వాటిని వెనక్కి తీసుకుని కట్టుకున్నాడు. టక్, టక్ మంటూ కర్ర గడప దాటింది.

ఉసేనప్ప హజరత్ ముందుకెళ్లి కూలబడ్డాడు. దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది.

"వానికి తాడిచ్చినారు. నాకెందుకు ఇయ్యలేదు హజరత్?"

"వాడు దిగుతా అన్నాడు" అన్నారు హజరత్. "ఆ తాడు తొమ్మిదేండ్లుగా నీ తలకాయ మీదనే ఏలాడతాండాది నాయనా."

ఉసేనప్ప తలెత్తి చిలక్కొయ్య వైపు చూశాడు. లేచి, చెప్పులు దించుకోవడానికి నిచ్చెన దగ్గరికి నడిచాడు.