పరంజా మీద విస్తరి

ఒక రాజుకి ఇంటి దగ్గర్నుంచే సముద్రం చూడాలని కోరిక పుట్టింది. సముద్రం అక్కడికి రెండు ఆమడలు. బండి కట్టించుకుంటే ఒక పూటలో చేరుకోవచ్చు. కానీ పక్క రాజ్యపు రాజు తన బురుజెక్కి రోజూ సముద్రం చూస్తున్నాడని ఎవరో చెప్పారు. ఇంకేముంది, ఈయనకీ ఒక బురుజు కావాల్సి వచ్చింది. అదీ వానాకాలం ముదిరేలోపు.

పని మొదలైంది. బురుజు చుట్టూ వెదురు బొంగులతో పరంజా లేచింది. కింద గొడుగు నీడలో మేస్త్రి నిలబడ్డాడు. ఆయన అరిస్తే ఏటి అవతల గేదెలు తలెత్తి చూసేవి. అందుకే అందరూ ఆయన్ని కేకల మేస్త్రి అనేవారు. కింద నుంచి చూస్తే పైన మనుషులు చీమల్లా, తాళ్ళు దారాల్లా ఉండేవి. అన్నీ బాగానే ఉన్నట్టుండేవి.

అక్కడ సున్నం తట్ట మోసే ఆమె ఒకతె ఉండేది. మాట తక్కువ, ఆ ఉన్న మాట కూడా గొంతు దాటి వచ్చేది కాదు. ఆమె మొగుడు తాపీ పనివాడు. అందరికంటే పై వరసలో రాయి పేర్చేది అతనే. ఆమె తట్ట అందించి, దిగే ముందు మొగుడి కాళ్ళ కింద చెక్క పలకని, ఆ పలక కింద తాడు కట్టుని ఒకసారి చూసుకునేది. చూసుకుని, మనసులో ఏదో అనుకుని, దిగిపోయేది.

ఒకరోజు రెండో అంతస్తులో తాడు తెగింది. ఒక మనిషి ఇసక గుట్ట మీద పడ్డాడు. ప్రాణం దక్కింది, కాలు విరిగింది. రాజు వచ్చాడు. తలా ఒక మాట అన్నారు. కేకల మేస్త్రి అందరికంటే గట్టిగా, "వాడే చూసుకోలేదు ప్రభూ" అన్నాడు.

తట్ట ఆమె మాత్రం ఇసకలో కూర్చుని తెగిన తాడు ముక్కని వేళ్ళతో పురి విప్పుతోంది. రాజు చూశాడు.

"ఏంటి చూస్తున్నావు?"

ఆమె తల ఎత్తలేదు. "ఇది నిరుటి తాడు దొరా. పైకి బాగానే ఉంది, లోపల పీచు చివికిపోయింది. కింద నుంచి చూస్తే కనపడదు."

"మరి ముందే చెప్పలేదేం?"

"నన్నెవరూ అడగలేదు."

రాజుకి నవ్వొచ్చింది. "సరే, ఇవాళ్టి నుంచి నిన్నే అడుగుతాను. ఇక్కడి మేస్త్రి పని ఇక నీది" అని వెళ్ళిపోయాడు.

 మర్నాడు ఆమె గొడుగు కింద నిలబడి, "ఆ మూల పలక మార్చండి" అంది. ఆ మాట మొదటి అంతస్తు మీద వాలిన పిచ్చుక్కి కూడా చేరలేదు. పిచ్చుక అలాగే కూర్చుంది. పైనుంచి ఒకతను వంగి, "ఏంటి వదినా, పాట పాడుతున్నావా? కొంచెం గట్టిగా పాడు, మేమూ వింటాం" అన్నాడు. అందరూ నవ్వారు.

అరవడం చేతకాదు. ఇంకేం చేస్తుంది, చీర కుచ్చెళ్ళు దోపుకుని నిచ్చెన ఎక్కింది. ఒక్కొక్కరి పక్కకీ వెళ్ళి చెప్పాల్సింది చెప్పి దిగింది. మళ్ళీ ఏదో గుర్తొచ్చి మళ్ళీ ఎక్కింది. సాయంత్రానికి పదకొండుసార్లు అయింది. మోకాళ్ళు పట్టేశాయి. కానీ తూర్పు మూల పలక కప్పలా ఎగురుతోందని, మంచినీళ్ళ కుండ సరిగ్గా కాలు పెట్టే చోటే ఉందని అప్పుడే తెలిసింది. గొడుగు నీడలో నిలబడినవాళ్ళకి ఈ సంగతులు ఎప్పుడు తెలిసేను?

మూడో రోజు మోకాళ్ళ నొప్పికి దిగలేక అన్నం మూట పైకే తెచ్చుకుంది. పలక మీద కూర్చుని విస్తరి పరుచుకుంది. రెండు ముద్దలు తిన్నాక చెయ్యి ఆగింది. కూర్చున్న పలక సన్నగా ఊగుతోంది. నిలబడి రాయి పేరుస్తున్నంతసేపూ ఎవరికీ తెలియని ఊపు అది. పనిలో ఉన్నప్పుడు మనసు రాయి మీద ఉంటుంది. అన్నం దగ్గర కూర్చుంటే మాత్రం ఒళ్ళు అన్నీ చెబుతుంది.

విస్తరి మడిచి ఆమె తిన్నగా రాజు దగ్గరికి వెళ్ళింది. దారిలో ఆ మాటని పదిసార్లు లోపల అనుకుంది.

"దొరా, ఒక నియమం కావాలి. ఎవరు ఎవర్ని పైకి పంపినా, పంపేవాళ్ళు ముందు ఆ చోట కూర్చుని ఒక పూట అన్నం తినాలి."

"ఓస్, అంతేనా?" అన్నాడు రాజు. ఆ సాయంత్రమే దండోరా వేయించాడు.

తర్వాత ఆమె ప్రతివాడి నడుముకీ కొత్త తాడు కట్టి, దాని రెండో కొస బురుజు గోడలో దిగ్గొట్టిన కడ్డీకి ముడేయించింది. ఆ ఊళ్ళో అలా ఎవరూ ఎప్పుడూ చెయ్యలేదు.

"ఏవే, నన్ను మేకని చేశావా?" అన్నాడు మొగుడు.

"మేక తప్పిపోతే ఇంకో మేకని కొనుక్కుంటారు."

"మరి నేను తప్పిపోతే?"

 ఆమె ముడి ఇంకొంచెం బిగించింది.

కేకల మేస్త్రి గోడవారగా మొహం మాడ్చుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన దగ్గరికీ వెళ్ళింది.

"అన్నా, నీ గొంతు నాకు కావాలి. ఒక్క మాటకి."

"ఏ మాట?"

"ఆగండి."

"అదొక్కటేనా? రోజుకి వెయ్యి మాటలు అరిచినవాణ్ణి నేను."

"అందుకే ఒక్కటీ ఎవరి చెవికీ ఎక్కలేదు" అంది ఆమె మెల్లగా. "పైన ఎవరు తలగుడ్డ ఊపినా నువ్వు అరవాలి. ఎందుకని అడక్కూడదు. ఎవరికోసమని చూడకూడదు."

కేకల మేస్త్రి కాసేపు మీసం నిమురుకున్నాడు. తర్వాత గొడుగు మడిచి పక్కన పెట్టి, పైకి అందరూ కనిపించేచోట వచ్చి నిలబడ్డాడు.

మొదటి పది రోజులూ రోజుకి ఇరవై ఆగండ్లు. పని నత్తలా నడిచింది. తర్వాత పది అయ్యాయి, తర్వాత రెండు. బురుజు గబగబా లేచింది. ఒక్క మనిషీ కింద పడలేదు.

ఇంకొక్క వరస ఉందనగా పెద్ద వాన పట్టింది. తెల్లారి తెరిపిచ్చేసరికి రాజు వచ్చేశాడు.

"ఎల్లుండి పక్క రాజు వస్తున్నాడు. పై పరంజా ఇప్పుడే కట్టెయ్యండి. మధ్యాహ్నం రాయి లేవాలి."

ఆ రాయి పేర్చాల్సింది ఆమె మొగుడే. ఆమె ముందుకొచ్చింది. "తాళ్ళు తడిసి ఉన్నాయి దొరా. తడి తాడుతో కట్టిన కట్టు ఎండ తగిలితే వదులవుతుంది" అంది.

"ఏంటీ? వినపడలేదు" అన్నాడు రాజు. వినాలని ఉన్నట్టు లేదు.

రాజుకి కాదని చెప్పడం ఆమెకి రాదు. చేతులు నలుపుకుంటూ నిలబడింది. చివరికి అంది.

"అలాగే దొరా. భోజనం ఎన్నింటికి వడ్డించమంటారు?"

"భోజనమేంటి?"

"పంపేది మీరే కదా."

రాజుకి తన దండోరా తనకే గుర్తొచ్చింది. చుట్టూ అంతమంది ఉన్నారు. గొంతు సవరించుకుని, "పన్నెండింటికి" అన్నాడు.

పన్నెండయ్యేసరికి పై పరంజా కట్టడం అయింది, ఎండ చురుక్కుమంటోంది. రాజు నడుముకి తాడు కట్టించుకుని నిచ్చెన ఎక్కాడు. ముందు ఆమె విస్తరి పట్టుకుని, వెనక తాపీ అతను అన్నం గిన్నె పట్టుకుని. ఎక్కుతున్నకొద్దీ చీమలు మనుషులయ్యారు. ఒకడికి ముందు పళ్ళు లేవు. ఒకడు దొర వస్తున్నాడని గబగబా చొక్కా తొడుక్కుంటున్నాడు, చేతులు కుదరడం లేదు. రాజుకి తెలియకుండానే నవ్వొచ్చింది.

ఆఖరి నిచ్చెన దగ్గర ఆమె పక్కకి తప్పుకుంది, రాజు దాని మీద ఒక కాలు పెట్టాడు. అప్పుడే పక్క బొంగు దగ్గరున్న పళ్ళు లేనివాడు తలగుడ్డ ఊపాడు.

కేకల మేస్త్రి చూశాడు. నిచ్చెన మీద ఉన్నది ఎవరో కూడా చూశాడు.  కళ్ళు మూసుకుని అరిచాడు.

"ఆగండి!"

ఏటి అవతల గేదెలు తలెత్తాయి. రాజు ఆగాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని ఆగమన్నవాళ్ళు లేరు. పైన కట్టు ఒకటి చుట్టు విప్పుకుని మెల్లగా జారింది. పలక ఒక పక్కకి ఒరిగి, గోడకి తగిలి నిలిచింది. ఎవరికీ ఏమీ కాలేదు.

"ఎవరది నన్ను ఆగమన్నది?" అన్నాడు రాజు.

కింద కేకల మేస్త్రి తల దించుకున్నాడు. రాజు చెవికి జానెడు దూరంలో ఉన్న ఆమె చెప్పింది.

"మాట నాది దొరా. గొంతు ఆయనది."

రాజు కాలు వెనక్కి తీసుకున్నాడు. ఉన్నచోటే పలక మీద కూలబడ్డాడు. ఆమె విస్తరి పరిచి వడ్డించింది. ఆయన పప్పన్నం తింటూ పక్కనున్న తాపీ అతన్ని చూశాడు.

"మధ్యాహ్నం అక్కడ నిలబడాల్సింది నువ్వేనా?"

"నేనే దొరా."

రాజు పైకి చూశాడు. ఒరిగిన పలక, దాని వెనక ఆకాశం. చాలాసేపు నమిలాడు.

"తాళ్ళు ఆరడానికెంత పడుతుంది?"

"మూడు ఎండలు. ఆరాక విప్పి మళ్ళీ బిగించాలి" అంది ఆమె.

"పెరుగుందా?"

"ఉంది దొరా."

"అయితే కానివ్వండి. నాలుగో రోజు మళ్ళీ వస్తాను, భోజనానికే. పచ్చడి కొంచెం ఎక్కువ పెట్టు."

పక్క రాజు వచ్చేసరికి బురుజు ఒక వరస తక్కువగానే ఉంది. ఆయన తన బురుజు ఇంతకంటే ఎత్తని సంతోషించాడు. కానీ ఇంకా ఎత్తు లేపుతుంటే అది గాలికి వణుకుతోందని, పనివాళ్ళు పారిపోతున్నారని కూడా ఆయన మనసులో ఉంది. వెళ్తూ వెళ్తూ, "మీ పద్ధతేదో మాకూ పంపండి" అని మెల్లగా అడిగాడు.

ఆమె ఒక కట్ట విస్తళ్ళు పంపింది.

ఆ రాజు వాటిని తిప్పి చూశాడు, ఎండలో పెట్టి చూశాడు. చివరికి పనివాళ్ళందరినీ నేల మీద బారుగా కూర్చోబెట్టి ఆ విస్తళ్ళలో బ్రహ్మాండంగా విందు చేశాడు. తనకి మాత్రం మేడలో వెండి కంచంలో వడ్డించారు. తర్వాత కబురు పంపాడు: "భోజనాలు బాగా జరిగాయి. బురుజు మాత్రం ఇంకా వణుకుతూనే ఉంది."

ఆ కబురు విని ఆమె చీర చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత మొగుణ్ణి పిలిచి బండికి ఎడ్లు కట్టమంది.

ఈసారి ఒక నిచ్చెన పంపింది.