నూకరాజు చేతికంటిన గుమ్మడి పీచు

ఒట్టేసి చెప్తున్నా, ఈ కథ నువ్వు నమ్మవు. మీ తాతే నమ్మలేదు. నమ్మక ఏం చేశాడు? మూతి ముడుచుకుని అటు తిరిగి పడుకున్నాడు. నువ్వూ అంతేలే. దుప్పటి కప్పుకో, చెప్తా.

అనగనగా మా పుట్టింటి ఊళ్ళో నూకరాజని ఒకడుండేవాడు. రాత్రంతా అబ్బులుగారి తోటకి కావలి కాసేవాడు. పగలు బువ్వ తిని గుర్రు పెట్టేవాడు. ఆ గురక ఎంతనుకున్నావ్? ఉరుముతోందనుకుని పక్కూరోళ్ళు ఎండబెట్టిన వడియాలు లోపల పెట్టుకునేవాళ్ళు!

వాడి పెళ్ళాం చిలకమ్మ. ఆ ఏడు వాళ్ళ పాదుకి మూడే మూడు గుమ్మడికాయలు కాశాయి. కాయలా అవి! ఒక్కోటి దించడానికి ఆరుగురు మోకులేసి లాగారు. పెద్దదాని నీడన ఆవు ఈనింది. నవ్వకు, ఆ దూడని నేను నిమిరాను.

అప్పుడు దసరా వచ్చింది. కలిగినోళ్ళ ఇళ్ళల్లో బొమ్మల కొలువులు పెట్టారు. చిలకమ్మకి బొమ్మలేవీ? చూసి చూసి, మూడు కాయల్నీ అరుగు మీద కూర్చోబెట్టింది. సున్నంతో కళ్ళు, కాటుకతో కనుబొమ్మలు దిద్దింది. పెద్దదానికి మొక్కజొన్న పీచుతో మీసం పెట్టి పంచె కట్టింది. రెండోదానికి చీర. బుల్లిదానికి గౌను. అచ్చం సంసారమే!

కొలువు పెడితే సరిపోద్దా? పేరంటాళ్ళకి తీపి పెట్టాలా వద్దా? ఇంట్లో ఉన్నవేమో ఆ కాయలే. పైగా మన వైపు గుమ్మడికాయ మీద మొదటి గాటు మగాడే పెట్టాలి. ఆ ఒక్క గాటూ పడ్డాక ఎవరైనా తరుక్కోవచ్చు.

"మావా, కొలువూ ఉంచుతా, వంటా వండుతా. ఓ గాటు పెట్టవా?" అంది.

"పిచ్చిదానా, అరుగు మీద కూర్చున్న కాయ కుండలో ఎలా ఉడుకుద్దే? కొలువైతే కొలువు, వంటైతే వంట. రెండూ కావాలంటే నేను కత్తి ముట్టను, పో!"

"ముట్టకులే" అంది చిలకమ్మ.

ఆడది అంత తొందరగా ఒప్పుకుందంటే అనుమానం రావద్దూ? వాడికి రాలేదు. ఎండ పడకుండా ఉంటుందని ఆవిడ మంచం తెచ్చి కాయలకీ గోడకీ మధ్య వేసింది. అక్కడే పడి గుర్రు పెట్టాడు.

మొదటి రోజు లేచేసరికి గుమ్మడి పాయసం. ఘుమఘుమ! నూకరాజు పరుగున వెళ్ళి కాయలు లెక్కెట్టాడు. ఒకటి, రెండు, మూడు. మూడూ ఉన్నాయి. చెయ్యి చూసుకుంటే పచ్చగా గుమ్మడి పీచు! 'ఇదెక్కణ్ణించి అంటిందబ్బా?' అని కడుక్కున్నాడు.

రెండో రోజు బెల్లం హల్వా. మళ్ళీ లెక్కెట్టాడు, మూడే. మళ్ళీ చేతికి పీచు. "కాయలెక్కడివే?" అనడిగితే, "తినేవాడికి పాదు గోలెందుకు మావా" అంది.

మూడో రోజు బూరెలు. ఒక చేత్తో బూరె, ఇంకో చేతికి పీచు. అప్పుడే అబ్బులుగారు కర్ర ఊపుకుంటూ వచ్చాడు.

"ఒరే నూకరాజూ! నువ్వు కాసేది తోటనా, నీ మంచాన్నా? మూడు గుమ్మడికాయలు మాయం. రేపటికి ఆ గుమ్మడికాయల దొంగని చూపించకపోతే నీ కావలి ఊడినట్టే!"

అనగానే నూకరాజు భుజాలు తడుముకున్నాడు. ఆ తర్వాత చెయ్యి చూసుకున్నాడు.

'ఇంట్లో కాయలు కదల్లేదు. అయినా రోజూ వండుతోంది. పీచు నా చేతికుంది. అంటే నేనే నిద్దట్లో లేచెళ్ళి తెస్తున్నానా? అబ్బులుగారి తోటకి నేనే కావలి, నేనే దొంగా?'

పాపం, బుర్ర గిర్రున తిరిగింది. కావలి పోతే కంచంలోకి ఏదీ? ఏడుపొచ్చింది. అప్పుడొకటనుకున్నాడు, నా మూడు కాయలూ ఇచ్చేసి కాళ్ళ మీద పడదామని.

ఆరుగురు దించిన కాయ కదా. నడుం బిగించాడు. కాళ్ళు తన్నిపట్టాడు. "హుప్!" అని మీసాల కాయని ఎత్తాడు.

కాయ దూదిలా లేచింది! వాడు వెల్లకిలా వెళ్ళి కల్లంలో గడ్డివాములో పడ్డాడు. కాయొచ్చి నెత్తిన టోపీలా కూర్చుంది.

లోపల్నుంచి అరుస్తున్నాడు, "ఒసే చిలకా! చీకటి పడిందేంటే?"

చిలకమ్మ నవ్వాపుకోలేక కాయ తీసింది. పంచె కింద, వీపు వైపు ఇంత కంత! గుజ్జంతా తోడి వండేసింది, డొల్లని కొలువులో ఉంచింది.

"మరి మొదటి గాటెవడు పెట్టాడే?"

"నువ్వే మావా. రోజూ నువ్వు గుర్రు పెడుతుంటే నీ చేతిలో కత్తి పెట్టి, నీ చేత్తోనే గాటు పెట్టించా. మంచం అక్కడెందుకేశాననుకున్నావ్?"

నూకరాజు ఒంటికంటిన గడ్డి దులుపుకున్నాడు. ఆ తర్వాత మెల్లగా అడిగాడు, "మరి అబ్బులుగారి కాయలో?"

"వాళ్ళింటికే పేరంటానికి పిలిచారు, పద."

వెళ్ళారు. అబ్బులుగారి భార్య సుభద్రమ్మగారు మధ్యగదిలో తెర లాగింది. చూస్తే మూడు గుమ్మడికాయలు, చీరలు కట్టుకుని, దండలేసుకుని, దర్జాగా కూర్చున్నాయి! పక్కన పళ్ళెం నిండా బూరెలు.

"చిలకమ్మ కొలువు చూసి ముచ్చటేసింది. మన తోటవేగా, పట్టపగలే కోయించుకున్నా" అందావిడ.

అబ్బులుగారు తెల్లమొహం వేశాడు. "మరి మొదటి గాటు? నేను కత్తే ముట్టలేదే!"

"మధ్యాన్నం ఎంత హాయిగా పడుకున్నారో! ఏదీ, చెయ్యి చూసుకోండి."

చూసుకున్నాడు. గోళ్ళల్లో పచ్చటి పీచు! గబుక్కున చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. నూకరాజు మొహం చూడలేక, "ఒరే... కావలి నీదేలే. బూరె తిను" అన్నాడు.

కాయ కొలువుకి, గుజ్జు కుండకి,
గాటు మావకి, గింజ మనకి,
కథేమో కంచికి, నువ్వేమో నిద్దరకి!

ఏంటా చూపు? ఆ గింజొకటి నా ఇనప్పెట్టెలో ఉంది. అమ్మమ్మ కోతలంటావా? రేపు తీసుకెళ్ళి నాటు. దాని నీడన ఆవు ఈనకపోతే, అప్పుడొచ్చి నన్నడుగు. చూద్దాం!