యుద్ధానికి వెళ్లిన బొమ్మల పెళ్లివారు

అనగా అనగా పాలవెల్లి అనే రాజ్యానికి ధర్మకేతు అనే రాజు ఉండేవాడు. ఉండేవాడంటే ఊరికే ఉండేవాడు కాదు, ముగ్గురు పిల్లల్ని కని, ఆ ముగ్గురితో వేగలేక నెత్తి పట్టుకుని ఉండేవాడు. పెద్దవాడు రణకేతు, పొద్దున లేస్తే కత్తిసాము. రెండోవాడు జయకేతు, పొద్దున లేస్తే గుర్రపు స్వారీ. మూడోది ఆడపిల్ల చెంగల్వ, పొద్దున లేస్తే బొమ్మల పెళ్లి. ఇప్పుడు మీరు కంచాల ముందు కూర్చుని ఒకళ్లనొకళ్లు గిల్లుకుంటున్నారే, అచ్చం అలాగే ఉండేవాళ్లు ముగ్గురూ. ముందే చెబుతున్నా, నోట్లో ముద్ద ఆగితే నా కథ కూడా ఆగుతుంది.

ఒకరోజు ఏడు సముద్రాల అవతల నుంచి ఒక తాటాకు కమ్మ వచ్చింది. పంపినవాడు పింగళాక్షుడనే మాంత్రికుడు. "నా బల్ల మీద బొమ్మలతో యుద్ధం ఆడదాం రండి. గెలిస్తే నా కోటలో ఉన్నవాళ్లంతా మీవాళ్లు. ఓడితే మీరు నావాళ్లు. బొమ్మలు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి," అని ఉంది అందులో.

యుద్ధమన్న మాట చెవిన పడ్డాక రణకేతు ఆగుతాడా? బంగారంతో వంద కత్తివీరుల బొమ్మలు పోయించుకుని వెళ్లాడు. మళ్లీ రాలేదు. ఆర్నెల్లు చూసి, అన్నని తెస్తానని జయకేతు వెండితో వంద గుర్రపు రౌతుల బొమ్మలు పోయించుకుని వెళ్లాడు. వాడూ రాలేదు.

రాణిగారు మాత్రం పూటపూటకీ మూడు విస్తళ్లు వేస్తూనే ఉండేది. రెండు ఖాళీ విస్తళ్ల పక్కన కూర్చుని తినాలంటే చెంగల్వకి ముద్ద గొంతు దిగేది కాదు. పెళ్లి సంబంధాలు వస్తే, "మా అన్నలు లేకుండా నేను పీటల మీద కూర్చోను," అనేసింది. ఇలా కాదని ఒకనాడు తనే బయల్దేరింది.

"బంగారం అయిపోయింది, వెండీ అయిపోయింది. ఏ బొమ్మలు పట్టుకెళ్తావు తల్లీ?" అన్నాడు రాజు.

"నా దగ్గరున్నవే నాన్నగారూ," అని చెంగల్వ తన బొమ్మల పెళ్లి బుట్ట తెచ్చి చూపించింది. అందులో పల్లకీ, నలుగురు బోయీలు, సన్నాయి ఆయన, డోలు ఆయన, బొజ్జ వేసుకుని గరిటె పట్టుకున్న వంటాయన, పన్నీరు బుడ్డితో ఒక ముత్తైదువ ఉన్నారు. అన్నీ రంగులు పోయిన కొయ్యబొమ్మలే.

"ఒక్కరి చేతిలోనూ కత్తి లేదు కదమ్మా," అన్నాడు రాజు. నవ్వాలో ఏడవాలో ఆయనకి తెలియలేదు.

రాణిగారు సద్ది కట్టింది. పులిహోర పొట్లం ఒకటి, అటుకుల పొట్లం ఒకటి, పెరుగన్నం పొట్లం ఒకటి. ఆఖర్న నిమ్మకాయంత బూందీ లడ్డు ఒకటి పెట్టి, "ఇది అన్నలిద్దరికీ ఇష్టం. కనపడగానే చెరి సగం పెట్టు," అంది.

సముద్రపు ఒడ్డున ఒక కాకి ఎదురై, "ఆకలేస్తోంది," అంది. చెంగల్వ పులిహోర పెట్టింది. కాకి తిని మూతి తుడుచుకుంది. "మీ పెద్దన్న నన్ను అదిలించి పోయాడు. నేను ఊరుకుంటానా, వెంటపడి వెళ్లి కిటికీలోంచి చూశాను. అది పన్నెండు ఎత్తుల ఆట. బల్ల నడుమ కోటలో ఒక ఖైదీ బొమ్మ ఉంటుంది. దాన్ని విడిపించి తేవాలి. మీ అన్న పన్నెండు ఎత్తులూ ఎదటివాళ్లని కొట్టడానికే సరిపెట్టాడు. ఖైదీ సంగతే మరిచిపోయాడు."

ఇంకొంచెం దూరం పోయాక ఒక ఉడత ఎదురై, "ఆకలేస్తోంది," అంది. చెంగల్వ అటుకులు పెట్టింది. "మీ చిన్నన్న నా తోక తొక్కాడు. కోపమొచ్చి ఆయన సంచిలోనే దూరి అక్కడిదాకా వెళ్లాను. ఆయన కొట్టకుండా దూసుకుపోయి ఆరు ఎత్తుల్లో ఖైదీని పట్టుకున్నాడు. కానీ దారిలో వదిలేసిన వాళ్లంతా వెనక్కి తిరిగి చుట్టుముట్టారు. ఇంటికి ఎలా రావాలో ఆలోచించుకోలేదు మహానుభావుడు," అంది ఉడత.

నీళ్ల దగ్గర ఒక ముసలి తాబేలు, "ఆకలేస్తోంది," అంది. చెంగల్వ పెరుగన్నం పెట్టింది. ఇంక ఆమెకి మిగిలింది లడ్డు ఒక్కటే. తాబేలు తీరిగ్గా తిని చెప్పింది. "ఓడినవాళ్లని ఆ మాంత్రికుడు బొమ్మలు చేసేస్తాడు. ఆఖర్న ఓడినవాడు కోటలో ఖైదీ. అంతకుముందు ఓడినవాళ్లు అతని సైనికులు. ఆ బొమ్మ చెయ్యి విరిగితే లోపలి మనిషి చెయ్యి విరిగినట్టే. పైగా వాళ్లకి అన్నం పెట్టే దిక్కు లేదమ్మా. కొయ్యకి ఆకలేమిటని ఆయన అనుకుంటాడు."

అంటే కోటలో ఖైదీ చిన్నన్న. శత్రుసైన్యంలో ఎక్కడో పెద్దన్న. కొడితే తన అన్నకే తగలొచ్చు, కొట్టకపోతే తన మీదికే వస్తారు. చెంగల్వకి కళ్లనీళ్లు తిరిగాయి. అయినా బుట్ట నెత్తిన పెట్టుకుని తాబేలు వీపెక్కింది. ఒకటి, రెండు, మూడు... ఏడు సముద్రాలూ దాటింది. నువ్వేం లెక్కపెట్టక్కర్లేదు నాయనా, పప్పన్నం కలుపుకో.

పింగళాక్షుడు ఆమెని చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఆర్నెల్లుగా ఆడేవాళ్లు లేక అతనికి తోచడం లేదు. గబగబా లోపలికి తీసుకెళ్లి బల్ల చూపించాడు. ఇంత పెద్ద బల్ల. మట్టి కొండలు, ఆకుపచ్చ రంగేసిన దూది చెట్లు, అద్దం ముక్కల ఏరు, నడుమ అరచేయంత కోట. కోట చుట్టూ ఈటెలు, కత్తులు పట్టుకున్న యాభై బొమ్మలు. అందంగా ఉందని చెంగల్వ కూడా ఒప్పుకోవాల్సి వచ్చింది.

మాంత్రికుడి భుజం మీద ఒక చిలక ఉంది. అతని ప్రాణం దాంట్లోనే ఉంది. అందరు మాంత్రికుల్లా ఇతను దాన్ని చెట్టుతొర్రలో దాచలేదు. ఆట నియమాలు చెప్పే పని దానికిచ్చి, తను నియమం తప్పితే ఎగిరిపొమ్మని ఒట్టు పెట్టుకున్నాడు. ఆటంటే అంత పిచ్చి అతనికి. చిలక గొంతు సవరించుకుంది.

"ఒకటి, పన్నెండు ఎత్తులు, ఎత్తుకి జానెడు దూరం. కోట నీ అంచుకి ఆరు జానలు. రెండు, ఆయుధం పట్టిన బొమ్మనే కొట్టాలి. మూడు, ఆయుధం కింద పెట్టిన బొమ్మ ఎవరి సైన్యమూ కాదు."

ఆరు వెళ్లడానికి, ఆరు రావడానికి. ఒక్క ఎత్తు వృథా అయినా చెంగల్వ కూడా బొమ్మైపోతుంది, ఇంటి దగ్గర మూడో విస్తరి కూడా ఖాళీ అయిపోతుంది. ఆమె బుట్టలోంచి ఒక్కొక్క బొమ్మనీ తీసి బల్ల అంచున నిలబెట్టింది. పల్లకీ, బోయీలు, సన్నాయి, డోలు, వంటాయన, ముత్తైదువ.

మాంత్రికుడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "సైన్యమేదమ్మాయ్?"

"ఇదే తాతా."

"నేను కొట్టడానికి ఒక్కడి దగ్గరా ఆయుధం లేదే," అన్నాడు. అని, నవ్వు ఆపేశాడు. తను పెట్టిన నియమమే. ఇన్నేళ్లలో ఆయుధం లేకుండా అతని బల్ల దగ్గరికి వచ్చినవాళ్లే లేరు. "సరే, కొట్టను. దారికి అడ్డం నిలబెడతాను. ఎలా పోతావో పో," అని మొదటి వరస సైనికుల్ని ముందుకు జరిపాడు.

చెంగల్వ సన్నాయి, డోలు బొమ్మల్ని అందరికీ ముందు నిలబెట్టింది. ఆ బల్ల మీద మంత్రం ఉంది కదా, సన్నాయి నిజంగానే మోగింది, డోలు నిజంగానే పలికింది. సైనికుల బొమ్మలు తలలెత్తాయి. ఎన్నేళ్లయిందో వాళ్లు పెళ్లి మేళం విని. ఆ ముఖాలు చూడగానే చెంగల్వకి తాబేలు మాట గుర్తొచ్చింది. కొంగుముడి విప్పి లడ్డు తీసింది. అన్నలకోసం అమ్మ ఇచ్చిన లడ్డు. ఒక్క క్షణం చేతిలో పట్టుకుని చూసుకుంది, తర్వాత చిదిపేసింది.

ఆమె వెంటే ఎగిరొచ్చి కిటికీలో వాలిన కాకి చింతరెమ్మ తెచ్చిచ్చింది. చెంగల్వ ఒక్కొక్క సైనికుడి ముందూ ఒక చింతాకు విస్తరిగా వేసింది. వంటాయన బొమ్మ పక్కనుంచి రెండేసి బూందీ గింజలు వడ్డించింది. నెయ్యి వాసన గుప్పుమంది. మొదటివాడు ఈటె పక్కన పెట్టి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వాణ్ణి చూసి రెండోవాడు కూర్చున్నాడు. వాణ్ణి చూసి వరస వరసంతా కూర్చుంది. పెళ్లివారు పక్కనుంచి జానెడు ముందుకు వెళ్లారు.

"వడ్డన కూడా ఒక ఎత్తే, లెక్కపెట్టు," అన్నాడు మాంత్రికుడు.

"నియమంలో వడ్డన మాట లేదు," అంది చిలక.

"అయితే లేవండ్రా!" అని సైనికుల మీద అరిచాడు.

"పంక్తిలో కూర్చున్నవాళ్లని మధ్యలో లేపుతారా తాతా ఎవరైనా?" అంది చెంగల్వ.

"ఆయుధం కింద పెట్టారు. వాళ్లిప్పుడు నీవాళ్లు కారు," అంది చిలక. మాంత్రికుడు పళ్లు పటపట కొరికి రెండో వరసని జరిపాడు. రెండో పంక్తి లేచింది... అదే, కూర్చుంది. మూడో వరసని జరిపాడు, మూడో పంక్తి పడింది. ఇలా ఐదు ఎత్తులు గడిచేసరికి బల్లంతా పెళ్లి భోజనాల చావడి అయిపోయింది.

కానీ చెంగల్వ ఒక పొరపాటు చేసింది. పెళ్లిళ్లలో వడ్డించేవాళ్లంతా చేసేదే, మొదటి పంక్తికి ధారాళంగా పెట్టేసింది. ఆరో ఎత్తుకి కోట వాకిలి దాటబోయేసరికి దోసిట్లో ఒకే ఒక్క గింజ మిగిలింది. వాకిట్లో ఈటె పట్టుకుని ఒక కావలివాడు నిలబడి ఉన్నాడు. చిక్కిపోయిన ముఖం. వాడు పక్కకి జరిగితేనే పల్లకీ లోపలికి పోతుంది. చెంగల్వ ఆ గింజ వాడి ఆకులో వేసింది.

కావలివాడు కూర్చోలేదు. "అందరికీ అందిందా?" అని అడిగాడు.

"అందింది. మీరే ఆఖరు," అంది చెంగల్వ.

"ఆ కొండ వెనక ఒకాయన ఉన్నాడు చూడండి. ఆయన ఆకు పడలేదు."

చెంగల్వ మట్టికొండ వెనక్కి వంగి చూసింది. అక్కడ కత్తి పట్టుకుని నిలబడి ఉన్న బొమ్మ పెద్దన్నే. ముక్కు మీద చిన్నప్పటి గాటు కూడా అలాగే ఉంది. లడ్డు మొత్తం ఊరందరికీ పెట్టి సొంత అన్నకి గింజ లేకుండా చేసింది. ఉన్న ఒక్కటీ అన్నకి వేస్తే వాకిలి తెరుచుకోదు. వాకిలి తెరవకపోతే ఇద్దరన్నలూ దక్కరు.

"అది ఆయనకి వెయ్యండి. నాకు పర్వాలేదు," అన్నాడు కావలివాడు.

"మరి మీరు?"

"అందరూ తినడం చూశాను కదా," అని వాడు ఈటె గోడకి ఆనించి ఖాళీ ఆకు ముందు కూర్చున్నాడు. చెంగల్వ ఆ గింజ తీసుకెళ్లి పెద్దన్న ముందు పెట్టింది. రణకేతు కత్తి కింద పెట్టి కూర్చున్నాడు.

"మీ పేరేమిటండీ?" అని కావలివాణ్ణి అడిగింది చెంగల్వ. ఆట మధ్యలో అడగాల్సిన మాట కాదు, అయినా అడిగింది.

"పొన్నవరం రాజకుమారుణ్ణి, మణిధరుడంటారు."

"మీ ఆకు ఖాళీగా ఉండిపోయింది. మా ఇంట్లో ఏ పెళ్లి జరిగినా మొదటి విస్తరి మీదే," అని మాటిచ్చి, పల్లకీని లోపలికి జరిపింది. జయకేతు బొమ్మ పల్లకీ ఎక్కింది. మేళం తిరుగుముఖం పట్టింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. వెనక్కి తిరిగి చుట్టుముట్టేవాళ్లెవరూ లేరు, అందరూ వేళ్లు నాక్కుంటున్నారు.

పదకొండో ఎత్తు అయ్యాక మాంత్రికుడు ఆగలేక పల్లకీని లాక్కుందామని చెయ్యి చాచాడు. భుజం మీద చిలక రెక్కలు విప్పింది. "ముట్టుకో, ఎగిరిపోతాను," అంది. మాంత్రికుడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నెమ్మదిగా వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. పన్నెండో ఎత్తుకి పల్లకీ బల్ల అంచు చేరింది.

అంతే, బొమ్మలు మనుషులైపోయాయి. యాభై ఒక్కమంది మనుషులు ఒకే బల్ల మీద ఉంటే ఏమవుతుంది? కాళ్లు విరిగి బల్ల నేలకి కూలింది. ఒకళ్ల మీద ఒకళ్లు పడి ఒకటే నవ్వులు. అన్నలిద్దరూ చెల్లెల్ని పట్టుకుని ఏడ్చేశారు. రణకేతు ఏడుస్తూనే, "ఒక్క గింజేనా పెట్టావు?" అన్నాడు. వాడి బుద్ధి ఎక్కడికి పోతుంది.

పింగళాక్షుడు మాత్రం విరిగిన బల్ల పక్కన చతికిలపడ్డాడు. "ఇంక నాతో ఎవరు ఆడతారు?" అన్నాడు.

చెంగల్వకి అతని మీద జాలేసింది. "బొమ్మల్ని చేసి పట్టి ఉంచితే ఎవరుంటారు తాతా? మా ఇంటికి రా. భోంచేద్దువుగాని, తర్వాత ఆడుకుందాం. మంత్రదండం మాత్రం పక్కన పెట్టి రావాలి."

అతను చిలక వంక చూశాడు. "ఆయుధం కింద పెట్టినవాణ్ణి ఎవరూ కొట్టకూడదు. నువ్వు పెట్టిందే," అంది చిలక. మంత్రదండం కింద పెట్టేశాడు.

పాలవెల్లిలో ఆ పూట రాణిగారు మూడు విస్తళ్లు వేసింది, చాలలేదు. యాభైకి పైన వేయాల్సొచ్చింది. నెల తిరక్కుండా చెంగల్వకి మణిధరుడితో పెళ్లి. పీటల పక్కన అటొక అన్న, ఇటొక అన్న. భోజనాల వేళ చెంగల్వ ఇచ్చిన మాట ప్రకారం మొదటి విస్తరి మణిధరుడికే వేశారు. చూస్తే అక్కడ మాంత్రికుడు కూర్చుని తింటున్నాడు. పెళ్లికొడుకేమో పట్టుబట్టలు ఎగ్గట్టి పంక్తుల్లో పప్పు వడ్డిస్తున్నాడు, "అందరికీ అందిందా?" అని అడుగుతూ.

రణకేతు రాజ్యం నాకొద్దన్నాడు, జయకేతు గుర్రాలుంటే చాలన్నాడు. అంచేత చెంగల్వా మణిధరుడూనే చాలాకాలం పాలవెల్లిని ఏలారు. ఒకసారి పొరుగురాజు దండెత్తి వస్తే ఇరవై గంగాళాల పులిహోర ఎదురు పంపారట. ఆయన తిని, చెయ్యి కడుక్కుని ఇంటికి పోయాడు.

ఆ పెళ్లిరోజు అందరూ లేచాక, ఖాళీ చావడిలో మణిధరుడు ఆఖర్న వచ్చి కూర్చున్నాడు. చెంగల్వ ఎదురుగా కూర్చుని అతని ముందు ఒక చింతాకు పరిచి, దాని మీద ఒకే ఒక్క బూందీ గింజ పెట్టింది. అతను ఆ గింజని గోటితో రెండు చేసి, సగం ఆమెకిచ్చాడు.

ఇంక చేతులు కడుక్కోండి. ఆగండాగండి, అందరికీ పెరుగు అందిందా?